గంట గంటకీ మారే కరెంటు ధర: ఆదా ఎక్కడుంది, ఎక్కడ లేదు

యూనిట్ రేటు రోజంతా ఒకటే అయినప్పుడు వాషింగ్ మెషీన్ ఎప్పుడు వేసినా బిల్లు మారదు. గంట గంటకీ ధర మారే ప్లాన్ తీసుకున్న ఇంట్లో అలా కాదు. అదే మెషీన్, అవే బట్టలు. సాయంత్రం ఏడింటికి వేస్తే ఒక ఖర్చు, తెల్లవారుజామున మూడింటికి వేస్తే ఇంకో ఖర్చు. అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రంలో కామ్‌ఎడ్ కంపెనీ 2007 నుంచే ఇళ్ళకు ఇలాంటి ప్లాన్ ఇస్తోంది. స్పెయిన్‌లో ప్రభుత్వ నియంత్రణలో ఉన్న ప్లాన్‌లో స్మార్ట్ మీటరు (ఏ గంటలో ఎంత వాడారో నమోదు చేసే మీటరు) ఉన్న ఇళ్ళకు 2015 అక్టోబరు నుంచి గంటల లెక్కన బిల్లు వస్తోంది. ఐరోపా యూనియన్ 2019లో చేసిన చట్టం ప్రకారం, 2 లక్షల మందికి పైగా కస్టమర్లున్న ప్రతి విద్యుత్ సరఫరా కంపెనీ, స్మార్ట్ మీటరున్నవాళ్ళు అడిగితే ఈ ప్లాన్ ఇచ్చి తీరాలి. జర్మనీ 2025 జనవరి నుంచి చిన్న కంపెనీలకు కూడా ఈ నిబంధన పెట్టింది.

ఈ ప్లాన్ల ప్రకటనల్లో ముందుగా కనిపించేది ధరల గ్రాఫు. మధ్యాహ్నం పాతాళానికి, సాయంత్రం ఆకాశానికి వెళ్ళే గీత చూస్తే సగం బిల్లు మిగిలిపోతుందనిపిస్తుంది. కానీ ఎంత మిగులుతుందో ఆ గీత ఒక్కటే చెప్పలేదు. మీ ఇంట్లో వేళ మార్చుకోగలిగిన యూనిట్లు ఎన్ని ఉన్నాయన్నదే అసలు లెక్క. అది చాలా ఇళ్ళలో రెండు మూడు పరికరాల దగ్గరే తేలిపోతుంది. మిగతావాటి కోసం పడే టెన్షన్ అంతా వృథా.

ధర ఎక్కడ పుడుతుంది

గంటల ధర సరఫరా కంపెనీ తనకు తోచినట్టు పెట్టేది కాదు. ఐరోపాలో అది ముందురోజు జరిగే వేలంలో తేలుతుంది. ఉత్తర ఐరోపాలో నార్డ్‌పూల్ అనే విద్యుత్ ఎక్స్‌ఛేంజ్ ఉంది. 1996లో నార్వే, స్వీడన్ కలిసి దీన్ని ఉమ్మడి మార్కెట్‌గా మార్చాయి, తర్వాత ఫిన్లాండ్, డెన్మార్క్ చేరాయి. మధ్య ఐరోపా సమయం ప్రకారం మధ్యాహ్నం 12 గంటలలోపు అమ్మేవాళ్ళూ కొనేవాళ్ళూ మర్నాటికి తమ బిడ్లు ఇస్తారు. సుమారు గంటలోపు ధరలు బయటికొస్తాయి. అంటే రేపు రాత్రి రెండింటికి యూనిట్ ఎంతో ఈరోజు మధ్యాహ్నమే తెలిసిపోతుంది. ఇంట్లో ప్లాన్ చేసుకోవడానికి వీలు కల్పించేది ఇదే. 2025 అక్టోబరు 1 నుంచి ఐరోపాలో ఈ వేలం గంటల నుంచి 15 నిమిషాల బ్లాకులకు మారింది. ఇప్పుడు రోజుకు 24 ధరలు కాదు, 96.

వేలంలో గెలిచిన అందరికీ ఒకే ధర ఇస్తారు. గాలి, ఎండ కరెంటుకు ఇంధనం ఖర్చు లేదు కాబట్టి వాటి బిడ్లు అట్టడుగున ఉంటాయి. వాటిపైన అణు విద్యుత్తు, ఆపైన బొగ్గు, గ్యాసు. ఆ గంటకు కావలసినంత కరెంటు పోగయ్యేవరకూ కింది నుంచి పైకి ఒక్కో బిడ్ తీసుకుంటూ పోతారు. చివరగా తీసుకున్న కేంద్రం అడిగిన రేటే అందరి రేటు అవుతుంది. అందుకే సాయంత్రం వేళ మొత్తం కరెంటులో గ్యాసు వాటా కొంచెమే అయినా మొత్తం ధర గ్యాసు ధరతో నడుస్తుంది. మధ్యాహ్నం ఎండ బాగా ఉండి గ్యాసు కేంద్రం అవసరమే లేకపోతే ధర ఒక్కసారిగా కూలిపోతుంది.

ఒక్కోసారి సున్నా కంటే కిందికి కూడా పోతుంది. జర్మనీలో 2024లో 457 గంటలపాటు టోకు ధర మైనస్‌లో ఉంది. కరెంటు అమ్మేవాడే ఎదురు డబ్బు ఇవ్వడం వింతగా ఉంటుంది కానీ కారణం మామూలుదే. పెద్ద కేంద్రాన్ని ఆపి మళ్ళీ వెలిగించడానికి అయ్యే ఖర్చు, రెండు మూడు గంటల నష్టం కంటే ఎక్కువ కావచ్చు. కొన్ని పవన, సౌర కేంద్రాలకు ఉత్పత్తి చేసిన ప్రతి యూనిట్‌కూ ప్రభుత్వ సాయం వస్తుంది కాబట్టి మైనస్ ధరలోనూ అవి లాభంలోనే ఉంటాయి.

ఏ వేళ చవక అనేది ఊరూరికీ మారుతుంది, కాలంతో పాటూ మారుతోంది. బ్రిటన్‌లో 1978లో ఎకానమీ 7 అనే ప్లాన్ వచ్చింది. రాత్రిపూట మొత్తం ఏడు గంటలపాటు చవక రేటు. బొగ్గు, అణు కేంద్రాలు రాత్రంతా తిరుగుతూనే ఉంటాయి, వాడేవాళ్ళు నిద్రపోతారు, మిగిలింది చవగ్గా ఇచ్చేవాళ్ళు. సౌర ఫలకాలు బాగా పెరిగిన చోట ఆ లెక్క తిరగబడింది. కాలిఫోర్నియా గ్రిడ్ సంస్థ 2013లో ప్రచురించిన 'డక్ కర్వ్' (బాతు ఆకారపు గీత) గ్రాఫు చూపించింది ఇదే: ఎండ, గాలి కరెంటు పోగా గ్రిడ్ మీద మిగిలే లోడు మధ్యాహ్నం లోతుగా పడిపోయి, సూర్యుడు దిగగానే నిటారుగా లేస్తుంది. భారత్‌లో 2023లో సవరించిన వినియోగదారుల హక్కుల నిబంధనలు కూడా ఎండ వేళల్లో రేటు మామూలు రేటు కంటే కనీసం 20 శాతం తగ్గాలని చెప్పాయి. కాబట్టి 'రాత్రి వాడితే చవక' అన్న పాత అలవాటును కళ్ళు మూసుకుని నమ్మకూడదు. మీ ప్రాంతంలో గత నెల రోజుల ధరలు ఒకసారి తిరగేస్తే మధ్యాహ్నం చవకో రాత్రి చవకో తెలిసిపోతుంది.

బిల్లులో కదిలేది ఎంత

గ్రాఫు చూసి ఆశపడ్డవాళ్ళు నిరాశపడేది ఇక్కడే. వేలంలో తేలేది కరెంటు ధర మాత్రమే. దాని మీద తీగలు, ట్రాన్స్‌ఫార్మర్ల నిర్వహణకు నెట్‌వర్క్ ఛార్జీ, పన్నులు, కంపెనీ కమీషన్ ఉంటాయి. చాలాచోట్ల ఇవి గంటతో మారవు.

లెక్క కోసం ఒక రోజు అనుకుందాం. టోకు ధర రాత్రి యూనిట్‌కు 4 సెంట్లు (సెంటు అంటే యూరోలో నూరో వంతు), సాయంత్రం 16 సెంట్లు. నాలుగు రెట్ల తేడా. నెట్‌వర్క్, పన్నులు కలిపి యూనిట్‌కు 12 సెంట్లు స్థిరం అనుకుంటే మీరు కట్టేది రాత్రి 16, సాయంత్రం 28. నాలుగు రెట్లు కాస్తా రెండు రెట్లకు కూడా చేరలేదు. అయితే తేడా మాత్రం ఎక్కడికీ పోలేదు, 12 సెంట్లు అలాగే ఉంది. శాతాలు, రెట్లు పక్కనపెట్టి ఈ తేడానే చూడాలి. వేళ మార్చిన ప్రతి యూనిట్ మీద మిగిలేది అదే. టోకు ధర మైనస్ అయిన గంటలో కూడా ఈ స్థిర భాగం ఉంటుంది కాబట్టి, బాగా లోతుకు పడితే తప్ప మీకెవరూ ఎదురు డబ్బు ఇవ్వరు.

ఈ 12 సెంట్ల తేడాను ఇంట్లో పరికరాలకు అన్వయించి చూడండి. 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బు సాయంత్రం 5 గంటలు వెలిగితే 0.045 యూనిట్లు. చీకట్లో కూర్చుని ఆ వాడకమంతా తప్పించినా రోజుకు సెంటున్నర కూడా మిగలదు. డిష్‌వాషర్ ఒక విడతకు సుమారు 1 యూనిట్. ఏడాదిలో 300 సార్లు వేళ మార్చి వేస్తే 36 యూరోలు. 150 లీటర్ల నీటి ట్యాంకును 35 డిగ్రీలు వేడి చేయడానికి 6 యూనిట్లకు కాస్త ఎక్కువ పడుతుంది. రోజూ వేళ మారిస్తే ఏడాదికి 260 యూరోల పైన. రోజుకు 45 కిలోమీటర్లు తిరిగే ఎలక్ట్రిక్ కారుకు దాదాపు 8 యూనిట్లు. 300 రోజులకు 290 యూరోల దాకా. తేడా అన్ని రోజులూ ఇంతే ఉండదు, కొన్ని రోజులు అసలు ఉండకపోవచ్చు. కానీ పరికరాల మధ్య నిష్పత్తి మారదు. కారూ నీటి ట్యాంకూ ఉన్న ఇల్లు, అవి లేని ఇల్లు ఒకే ప్లాన్ తీసుకుంటే వాటికొచ్చే ఫలితాలకు పోలికే ఉండదు.

ఇదే లెక్కలో ఇంకో సంగతి ఉంది, దీన్ని ఎవరూ పెద్దగా చెప్పరు. సాయంత్రపు యూనిట్‌ను రాత్రికి మారిస్తే 12 సెంట్లు మిగులుతాయి. అసలు వాడకపోతే మొత్తం 28 సెంట్లు మిగులుతాయి. బట్టలు 60 డిగ్రీల బదులు 30 డిగ్రీల్లో ఉతికితే కరెంటు సగానికి పైగా తగ్గుతుంది. ఆ ఆదాకు ఏ ప్లానూ అక్కర్లేదు, అర్ధరాత్రి లేవక్కర్లేదు. వేళల గురించి ఆలోచించడం దాని తర్వాతి మెట్టు.

ఏవి జరుగుతాయి, ఏవి జరగవు

నీటి ట్యాంకు నిజానికి ఒక బ్యాటరీ. కరెంటును వేడిగా దాచుకుంటుంది, మంచి ఇన్సులేషన్ ఉంటే రోజులో పోయేది ఒకటి రెండు యూనిట్లే. అందుకే ధరను బట్టి నడపడానికి ఇంతకంటే అనువైన పరికరం లేదు. స్నానం ఉదయం ఏడింటికి అయితే నీళ్ళు మూడింటికి వేడెక్కినా ఎవరికీ తేడా తెలియదు. ఒక్క జాగ్రత్త: ఆదా కోసం ట్యాంకును రోజుల తరబడి గోరువెచ్చగా ఉంచకూడదు. అలాంటి నీళ్ళలో లెజియోనెల్లా అనే హానికర బ్యాక్టీరియా పెరుగుతుంది. నీటిని 60 డిగ్రీల దాకా వేడి చేయడమే మామూలు రక్షణ. ట్యాంకు లేకుండా అప్పటికప్పుడు వేడిచేసే ఇన్‌స్టంట్ గీజర్‌కు ఇవేవీ వర్తించవు, ఎందుకంటే అది దాచుకునేదేమీ లేదు.

కారు ఇంకా సులువు. రాత్రి 10 నుంచి ఉదయం 7 దాకా తొమ్మిది గంటలు ఊరికే నిలబడి ఉంటుంది. 32 ఆంపియర్ల ఛార్జర్ 7 కిలోవాట్లకు పైగా ఇస్తుంది కాబట్టి రోజువారీ తిరుగుడుకు గంటా గంటన్నర చాలు. పైగా కారును మధ్యలో ఆపి మళ్ళీ మొదలుపెట్టవచ్చు. చవక గంటలు పక్కపక్కన లేకపోయినా ఒకటి రాత్రి ఒంటిగంటకు, ఇంకోటి నాలుగింటికి తీసుకోవచ్చు. 'ఏడింటికల్లా ఇన్ని యూనిట్లు ఎక్కాలి' అని గడువు చెబితే, ఆలోపు అతి చవకైన గంటలు ఏరుకోవడం యాప్ చూసుకుంటుంది.

వాషింగ్ మెషీన్‌ను అలా ముక్కలు చేయలేం. మొదలుపెడితే పూర్తి కావాలి. అయితే రెండు గంటలు తిరిగినా అది కరెంటు ఎక్కువగా తీసుకునేది మొదట్లో, నీళ్ళు వేడెక్కేటప్పుడు. తర్వాత డ్రమ్ము తిప్పడానికి పట్టేది చాలా తక్కువ. కాబట్టి రెండు గంటల సగటు ధర చూడకుండా, మొదటి అరగంట చవక వేళలో పడేలా పెట్టుకుంటే సరిపోతుంది. డిష్‌వాషర్ మాత్రం రెండుసార్లు నీళ్ళు వేడి చేస్తుంది, మొదట కడిగేటప్పుడు, చివర జాలించేటప్పుడు. డ్రయర్ మొదటి నుంచి చివరిదాకా తింటూనే ఉంటుంది. ఈ మూడింటినీ అందరూ నిద్రపోయాక నడపమని నేను చెప్పను. వేడెక్కే యంత్రాలు ఎవరూ చూడని వేళ నడిస్తే అగ్నిప్రమాదం ఆలస్యంగా తెలుస్తుంది. ఏడాదికి ముప్పై నలభై యూరోల కోసం ఆ రిస్కు ఎందుకు? మధ్యాహ్నం చవక ఉన్న ప్రాంతమైతే ఈ ఇబ్బందే రాదు.

ఏసీ సంగతి ఇంటి గోడల మీద ఆధారపడి ఉంటుంది. సాయంత్రం ధర పెరిగే ముందు గదిని ఒకటి రెండు డిగ్రీలు ఎక్కువ చల్లబరిచి, ఖరీదైన గంటల్లో నెమ్మదిగా వేడెక్కనివ్వడం ఒక పద్ధతి. దట్టమైన గోడలు, బిగువైన కిటికీలు ఉంటే బాగా పనిచేస్తుంది. సందులున్న ఇంట్లో ముందే పోగేసిన చల్లదనం బయటికి పోతుంది, పైగా లోపలికీ బయటికీ ఉష్ణోగ్రత తేడా పెరిగిన కొద్దీ ఇంకా వేగంగా పోతుంది. చలి దేశాల్లో హీట్ పంపుకు (బయటి వేడిని లోపలికి లాగి ఇల్లు వెచ్చబెట్టే యంత్రానికి) ఇంకో చిక్కు: ధర తగ్గే అర్ధరాత్రే బయట చలి ఎక్కువ, చలి పెరిగితే పంపు సామర్థ్యం పడిపోతుంది. అందుకని ధరలో స్వల్ప తేడా కోసం దాన్ని రాత్రికి నెట్టడం లాభం కాకపోవచ్చు.

ఇంటి బ్యాటరీ గురించి అడిగేవాళ్ళు చాలామంది. ఎక్కించిన కరెంటులో 10 నుంచి 15 శాతం పోతుంది. పై ఉదాహరణలో 16 సెంట్లకు కొన్న యూనిట్ బయటికొచ్చేసరికి దాదాపు 18, 19 సెంట్లు అవుతుంది, 28 సెంట్ల వేళ వాడితే 9, 10 సెంట్లు మిగులుతుంది. 10 యూనిట్ల బ్యాటరీ 6,000 సార్లు నిండి ఖాళీ అవుతుందనుకుంటే జీవితకాలంలో 60,000 యూనిట్లు ఇస్తుంది. దాని ఖరీదు 6,000 యూరోలైతే యూనిట్‌కు అరుగుదలే 10 సెంట్లు. మిగిలిందంతా అక్కడికి చెల్లు. ఇంటిమీద సౌర ఫలకాలుండి, మిగులు కరెంటును గ్రిడ్ బాగా తక్కువ రేటుకు కొనే చోట లెక్క మారుతుంది. ధరల తేడా కోసమే కొనేవాళ్ళు మాత్రం ఈ భాగహారం చేసుకున్నాకే కొనాలి.

ఫ్రిజ్, లైట్లు, టీవీ, ఫోన్ ఛార్జర్లు, వంట: వీటిని వదిలేయండి. ఇంటి పెద్దవాళ్ళనో పిల్లలనో ధర చూసి స్విచ్ వేయమనడం ఇంటి ప్రశాంతతకు చేటు. అహ్మద్ ఫరూకీ అనే ఆర్థికవేత్త, ఆయన సహచరులు అనేక దేశాల ప్రయోగాల ఫలితాలు కలిపి చూస్తే రెండు విషయాలు తేలాయి: ఖరీదైన వేళకూ చవక వేళకూ తేడా పెరిగిన కొద్దీ జనం ఖరీదైన వేళల్లో వాడకం తగ్గిస్తారు; ఆటోమేటిక్‌గా స్పందించే పరికరాలున్న చోట ఆ తగ్గుదల ఇంకా ఎక్కువ. రోజూ ధరల పట్టిక చూసే ఉత్సాహం ఎవరికైనా కొన్నాళ్ళే ఉంటుంది. టైమరుకు అలసట లేదు.

అన్నీ ఒకే గంటలో వేస్తే

చవక గంట దొరికిందని కారు, గీజర్, డ్రయర్ అన్నీ అదే గంటలో పెడితే నష్టపోయే చోట్లున్నాయి. నార్వేలో 2022 జులై నుంచి నెట్‌వర్క్ బిల్లులో ఒక భాగం, నెలలో మూడు వేర్వేరు రోజుల్లో మీరు అత్యధికంగా వాడిన మూడు గంటల సగటును బట్టి ఉంటుంది. బెల్జియంలోని ఫ్లాండర్స్‌లో 2023 జనవరి నుంచి ప్రతి నెలా అత్యధికంగా వాడిన 15 నిమిషాలను లెక్కలోకి తీసుకుంటున్నారు. తీగల మందం, ట్రాన్స్‌ఫార్మర్ సైజు నిర్ణయించేది గరిష్ఠ లోడే కాబట్టి ఈ పద్ధతిలో న్యాయం ఉంది. ఇలాంటి చోట కారును రెండు గంటలు పూర్తి వేగంతో కాకుండా ఐదు గంటలు నిదానంగా ఛార్జ్ చేయడం మేలు. వేలం ధరలో కొద్దిగా పోయినా నెట్‌వర్క్ ఛార్జీలో అంతకంటే ఎక్కువ మిగలవచ్చు.

విపరీతం జరిగిన రోజు

ధర పడిపోయే లాభం మీదే అయినప్పుడు, పెరిగిపోయే నష్టం కూడా మీదే. 2021 ఫిబ్రవరిలో టెక్సస్‌ను మంచు తుపాను ముంచెత్తింది. కేంద్రాలు గడ్డకట్టి ఆగిపోయాయి, టోకు ధర నాలుగు రోజుల పాటు దాదాపుగా గరిష్ఠ పరిమితి దగ్గరే నిలిచింది: మెగావాట్ గంటకు 9,000 డాలర్లు, అంటే యూనిట్‌కు 9 డాలర్లు. గ్రిడ్డీ అనే కంపెనీ ద్వారా నేరుగా టోకు ధర కట్టే ఇళ్ళకు వేల డాలర్ల బిల్లులు వచ్చాయి. కంపెనీ మార్చిలో దివాలా తీసింది, టెక్సస్ శాసనసభ అదే ఏడాది ఇళ్ళకు ఇలాంటి ప్లాన్లు అమ్మడాన్ని నిషేధించింది.

ఫిన్లాండ్ ఆరు వారాల్లో రెండు కొసలూ చూసింది. 2023 నవంబరు 24న ధర మెగావాట్ గంటకు మైనస్ 500 యూరోలకు పడింది. ఒక వ్యాపార సంస్థ పొరపాటున లేని కరెంటును వేలంలో అమ్మకానికి పెట్టడమే కారణం. 2024 జనవరి 5న, తీవ్రమైన చలిలో, ఒక గంట ధర 1,896 యూరోలకు ఎగబాకింది. అంటే పన్నులు కాకుండానే యూనిట్‌కు దాదాపు 1.90 యూరోలు. కరెంటుతో ఇల్లు వెచ్చబెట్టుకునే కుటుంబానికి అలాంటి రోజు హీటరు కట్టేయడం సాధ్యం కాదు. కట్టెల పొయ్యి లాంటి మరో దారి ఉన్నవాళ్ళు తప్పించుకోగలరు. అందుకే ఈ ప్లాన్ తీసుకోవాలా వద్దా అనేదానికి నేను ముందుగా అడిగే ప్రశ్న: ధర పది రెట్లయిన వారం మీ ఇంట్లో ఏది ఆపగలరు? ఏదీ ఆపలేమంటే, ఇంట్లో చంటిబిడ్డో జబ్బు మనిషో వైద్య యంత్రమో ఉంటే, స్థిర రేటుకు కాస్త ఎక్కువ కట్టడమే మంచిది. కొన్ని ప్లాన్లలో ధరకు పైపరిమితి ఉంటుంది. ఆ పరిమితి ఎంతో ఒప్పందంలో చదవాలి.

సంతకం పెట్టేముందు

ముందు మీటరు చూడాలి. బిల్లు నిజంగా గంటల లెక్కన వేస్తారా, లేక నెల సగటుతోనా? స్వీడన్‌లో 'మారే ధర' పేరుతో ఉన్న చాలా ఒప్పందాలు నెల సగటువే. వాటిలో మీరు అర్ధరాత్రి వాడినా సాయంత్రం వాడినా కట్టేది ఒకే రేటు, మీ శ్రమకు పైసా రాదు. కంపెనీ తీసుకునే నెలవారీ రుసుము, యూనిట్ మీద వేసే కమీషన్ కూడా చూసుకోండి. తక్కువ కరెంటు వాడే ఇంట్లో ఆ రుసుము ఒక్కటే మొత్తం ఆదాను మింగేయవచ్చు. ధరల పట్టిక ఏ దేశపు గడియారం ప్రకారం ఉందో కూడా గమనించాలి. ఫిన్లాండ్ మధ్య ఐరోపా కంటే ఒక గంట ముందుంటుంది, అక్కడ పట్టిక తప్పుగా చదివితే టైమరు ప్రతిరోజూ గంట తేడాతో నడుస్తుంది.

ప్లాన్‌లోకి మారాక పనిచేస్తోందో లేదో తెలుసుకోవడానికి ఒక భాగహారం చాలు. నెలలో కరెంటు ధర కింద కట్టిన మొత్తాన్ని (నెట్‌వర్క్, పన్నులు తీసేసి) వాడిన యూనిట్లతో భాగించండి. 400 యూనిట్లకు 36 యూరోలైతే మీ సగటు 9 సెంట్లు. దాన్ని ఆ నెలలోని అన్ని గంటల ధరల మామూలు సగటుతో పోల్చండి. ఏ ప్రయత్నమూ చేయని ఇల్లు సాధారణంగా ఆ సగటు కంటే ఎక్కువే కడుతుంది, ఎందుకంటే అందరూ ఇల్లు చేరే సాయంత్రమే వాడకమూ ధరా పెరుగుతాయి. మార్కెట్ సగటు 10 ఉండి మీది 9 అయితే టైమర్లు పని చేస్తున్నట్టు. 11 అయితే కారో గీజరో తప్పు వేళలో నడుస్తోంది, వెతకాలి. స్మార్ట్ మీటరు ఇప్పటికే ఉన్నవాళ్ళు ఈ పరీక్షను ప్లాన్ తీసుకోకముందే చేయవచ్చు: గత ఏడాది గంటల వాడకం డౌన్‌లోడ్ చేసి, అవే గంటల మార్కెట్ ధరలతో గుణించి, కంపెనీ రుసుము కలిపి, ఇప్పుడు కడుతున్న బిల్లు పక్కన పెట్టి చూడాలి. ఆ పరీక్షలో చలికాలపు నెలలూ ఎండాకాలపు నెలలూ రెండూ ఉండాలి. మూడు నెలల లెక్క చూసి నిర్ణయించకండి.